వెనక బెల్టు కీచుమనడం ఎలా ఆగింది – నా అనుభవం

నా ఎలక్ట్రిక్ బైక్‌లో నెమ్మదిగా వెళ్తుంటే వెనక పిచ్చుక అరిచినట్టు కీచుకీచుమనేది. వెనక చక్రాన్ని తిప్పే బెల్టు, పుల్లీ (బెల్టు చుట్టుకునే చక్రం) అంచుకు ఒరుసుకుని, ఆ వైపు నల్లటి పొడి రాలేది. కడిగాను, సిలికాన్ స్ప్రే కొట్టాను, బెల్టు వదులు చేశాను. ఏదీ రెండు రోజులు మించి నిలవలేదు.

చివరికి పవర్ పూర్తిగా ఆపి, వెనక చక్రం గాల్లో ఉండేలా స్టాండ్ వేశాను. యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు వదులు చేశాక స్వింగ్ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీది గీతలను నమ్మకుండా, స్వింగ్ఆర్మ్ పివట్ (అది బైక్ ఫ్రేమ్‌కు కలిసే కీలు) మధ్య నుంచి యాక్సిల్ మధ్యకు రెండు వైపులా కొలిచాను. 2 మిల్లీమీటర్ల తేడా! అడ్జస్టర్ (యాక్సిల్‌ను జరిపే బోల్టు) పావు చుట్టు తిప్పడం, చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కీ పదేసి చుట్లు తిప్పి బెల్టు ఎటు జరుగుతోందో చూడడం. నాలుగోసారికి అంచుకూ బెల్టుకూ మధ్య సన్నటి వెలుతురు కనిపించింది.

అసలు కిటుకు ఆ తర్వాతే ఉంది. నట్టు బిగిస్తుంటే యాక్సిల్ మళ్లీ పక్కకు జరిగిపోతోంది. అందుకే చక్రాన్ని ముందుకు గట్టిగా నెట్టి పట్టుకుని, మాన్యువల్‌లోని టార్క్‌కు (నట్టు ఎంత బలంగా బిగించాలో చెప్పే కొలత) బిగించాను. తర్వాత బెల్టు బిగువు, అది పుల్లీ మీద తిన్నగా నడుస్తోందా అన్నది రెండూ మళ్లీ చూశాను. ఇది మాత్రం దయచేసి వదలకండి.

నెల దాటింది, చప్పుడు లేదు. పుల్లీ వంగినా, బేరింగ్ అరిగినా ఇది పనిచేయకపోవచ్చు. ముందు అవి చూసుకోండి.