చేతిచిత్రాల పాత మడత విసనకర్రను తెరవడం, పరిశీలించడం, దాచడం

మడత విసనకర్ర జపానులో పుట్టి, 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ఓడల్లో ఐరోపాకు చేరింది. 18వ శతాబ్దం నాటికి పారిస్‌లో అది గాలి కోసం కన్నా హోదా కోసం చేతపట్టే వస్తువైంది. అలాంటిదొకటి మీ చేతికి వస్తే, తాటాకు విసనకర్రను పట్టుకున్న అలవాటుతో ఒక్కసారిగా విదిలించకూడదు. కడిగి ఆరబెట్టుకున్న చేతులతో, మెత్తని గుడ్డ పరిచిన బల్లమీద పెట్టి, పుల్లలన్నిటినీ కలిపే చీల దగ్గర ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో ఒక్కొక్క పుల్లనే జరుపుతూ తెరవాలి. ఎక్కడైనా బిగిస్తే అక్కడితో ఆగిపోవాలి.

తెరిచాక పుల్లలకు అతికించిన బొమ్మల పటాన్ని భూతద్దంతో చూడండి. కాగితంమీదో, పలుచని మేకపిల్ల తోలుమీదో బొమ్మను ముందు చదునుగా గీసి, ఆ తరువాతే మడతలు పెట్టేవారు; అందుకే పాత రంగు సాధారణంగా మడత గీతల వెంటే పొడిగా రాలి ఉంటుంది. ఇప్పటి మడతలతో కలవని పాత మడతల జాడలు కనిపిస్తే, ఆ పటాన్ని వేరే విసనకర్ర పుల్లలకు అతికించారని అనుమానించాలి. రంగు కింద అచ్చు గీతలు కనబడితే అది ముద్రించిన బొమ్మకు చేత్తో రంగు వేసినది. సంతకం కనబడగానే సంబరపడటం తొందరపాటే అవుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే 18వ శతాబ్దపు పటాలమీద సంతకాలు అరుదు. 19వ శతాబ్దంలో పాత తరహాను అనుకరించి చేసినవాటిమీదే అవి ఎక్కువగా ఉంటాయి.

పుల్లలు ముత్యపు చిప్పతోనో, తాబేటి చిప్పతోనో, దంతంతోనో, ఎముకతోనో చేసి ఉండవచ్చు. ఎముకలో చిన్న నల్లని చుక్కలు, గీతలు కనిపిస్తాయి. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి ఖండించుకునే సన్నని వంపుగీతలు ఉంటాయి. మన దేశంలో ఏనుగు దంతపు వ్యాపారాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తోంది కాబట్టి, పుల్లలు దంతమో, ఎముకో కొనేముందే తేల్చుకోవాలి.

శుభ్రం చేసే పేరుతో తడిగుడ్డ తాకించవద్దు. ఆ రంగులు బంకతో కలిపిన నీటి రంగులు గనుక తడి తగిలితే లేచిపోతాయి. రంగు గట్టిగా నిలిచి ఉన్న చోట మాత్రమే మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపాలి. చిరుగుకు టేపు అసలే వద్దు.

ప్రదర్శనకు పెట్టాలనుకుంటే ఇంకో చిక్కు ఉంది. పుల్లలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి కాబట్టి తెరిచిన విసనకర్ర ఒక వైపు ఎత్తుగా, మరో వైపు పల్లంగా ఉంటుంది. చదునైన పలకమీద పెడితే ఆ బరువంతా చీలమీద పడుతుంది, అందువల్ల ఆ వాలుకు తగిన ఆధారం చేయించాలి. వెలుతురు 50 లక్సులు మించకూడదు, గాలిలో తేమ 50 శాతం చుట్టూ నిలకడగా ఉండాలి. తీరప్రాంతపు ఉక్కలో తోలు పటం తేమ పీల్చి ముడుచుకుపోతుంది. మిగిలిన కాలమంతా మూసి, ఆమ్లం లేని పలుచని కాగితంలో చుట్టి, నూలు పట్టీతో వదులుగా కట్టి పెట్టెలో ఉంచాలి. రబ్బరు బ్యాండు మాత్రం వేయవద్దు. అది కరిగి పుల్లలకు అంటుకుంటుంది.