సభాకంపంతోనే వేదిక ఎక్కడం ఎలా?

ప్రదర్శన మొదలయ్యే ముందు గొంతు తడారిపోవడం, అరచేతులు చల్లబడటం, గుండె దడదడలాడటం కొత్తవారికి మాత్రమే ఎదురయ్యే ఇబ్బంది కాదు. బ్రిటిష్ నటుడు లారెన్స్ ఒలివియే యాభై ఏళ్లు దాటి, కీర్తి శిఖరాన ఉన్న 1960ల దశకంలో తీవ్రమైన సభాకంపానికి లోనయ్యారు. గాయని బార్బ్రా స్ట్రైసాండ్ 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కచేరీలో పాటల చరణాలు మరచిపోయి, ఆ తర్వాత చాలా ఏళ్లు బహిరంగ కచేరీలకు చాలావరకు దూరంగా ఉండిపోయారు. కాబట్టి అనుభవం పెరిగితే బెదురు దానంతటదే పోతుందన్న ఆశను ముందుగానే వదులుకుని, అది ఉండగానే పని నడిపించే పద్ధతులను అలవరచుకోవాలి.

ఈ లక్షణాలకు మూలం అడ్రినలిన్ అనే, ఒత్తిడి వేళ శరీరం విడుదల చేసే హార్మోన్. దాని ప్రభావంతో రక్తం పెద్ద కండరాలకు మళ్లుతుంది, వేళ్లు చల్లబడతాయి, లాలాజలం తగ్గుతుంది. వయొలిన్ కళాకారుడికి కమాను వణకడం, గాయనికి ఊపిరి చాలకపోవడం, నటుడికి సంభాషణల వేగం పెరిగిపోవడం దీని పర్యవసానాలే. తనను ఏది దెబ్బతీస్తుందో గుర్తించి, సాధనను దాని చుట్టూ మలచుకోవాలి. మెట్లు ఎక్కి దిగి, గుండె వేగంగా కొట్టుకుంటుండగానే ప్రదర్శనలోని తొలి భాగాన్ని అభ్యసించడం ఎంతో ఉపయోగపడుతుంది, ఎందుకంటే బెదురు తీవ్రంగా ఉండేది సాధారణంగా ఆ తొలి నిమిషాల్లోనే. పొరపాటు జరిగినప్పుడు మొదటికి వెళ్లకుండా, మధ్యలో ఎక్కడెక్కడ తిరిగి అందుకోవచ్చో ముందే నిర్ణయించుకుని, ఆ చోట్ల నుంచి విడిగా సాధన చేయాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు; జ్ఞాపకం తప్పిన క్షణంలో ఆదుకునేది మాత్రం ఇదే.

తెర వెనుక నిలబడినప్పుడు పీల్చే శ్వాస కంటే విడిచే శ్వాసను పొడిగించాలి. "శాంతించు" అని మనసును గద్దించడం వృథా ప్రయాస. అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, పాడే ముందు "నాకు ఆందోళనగా ఉంది" అన్నవారి కంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అన్నవారే మెరుగ్గా పాడారు. గుండె దడను, వణుకును తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడే సంగీతకారులూ ఉన్నారు. అయితే ఉబ్బసం ఉన్నవారికి అవి ప్రమాదకరం కాగలవు కనుక, వైద్యుడి సలహా లేకుండా వాటి జోలికి పోరాదు.

వేదికపైకి వచ్చాక లోపలి వణుకంతా ప్రేక్షకులకు కనిపిస్తోందని అనిపించడం సహజం. నిజానికి వారికి కనిపించేది అందులో కొంతే. కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో చేసిన ప్రయోగాల్లో, ఈ సంగతి ముందుగా తెలిసిన వక్తలు మరింత బాగా మాట్లాడారు. అందుచేత తప్పు దొర్లినా ముఖంలో దాన్ని చూపకుండా ముందుకు సాగాలి.

ప్రదర్శన ముగిసినా ఒంట్లోని ఉద్వేగం వెంటనే దిగదు. ఆ రాత్రే తీర్పు చెప్పుకోకుండా, మర్నాడు రికార్డింగ్ విని లోపాలు రాసుకోవాలి.