ఎలక్ట్రిక్ గిటార్ నెక్‌ను పరిశీలించి ఎంచుకోవడం ఎలా

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొనబోయే పిల్లలు ముందుగా అడిగేది తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌ల గురించి, ఆ తరువాత రంగు గురించి. తీగలు సాగే పొడవాటి మెడ భాగం, అంటే నెక్ గురించి అడిగేవారు అరుదు. పికప్‌ను ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కానీ ఎడమచేయి గంటల తరబడి పట్టుకొని ఉండేది నెక్‌నే, మన ఎండకూ వానకూ ముందుగా లోబడేదీ అదే. అందుకే పరిశీలన అక్కడినుంచే మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

నెక్‌ను బాడీతో కలిపే పద్ధతులు ప్రధానంగా మూడు. 1950లో ఫెండర్ కంపెనీ తెచ్చిన టెలికాస్టర్ తరహా గిటార్లలోనూ, 1954 నాటి స్ట్రాటోకాస్టర్‌లోనూ నెక్‌ను బాడీలోని గాడిలో కూర్చి వెనుకనుంచి మరలతో బిగిస్తారు. 1952లో వచ్చిన గిబ్సన్ కంపెనీ లెస్ పాల్‌లో, దర్వాజ మూలల్లో ఒక చెక్క కొనను మరో చెక్క బెజ్జంలోకి దించినట్లు, నెక్ కొనను బాడీలోకి దించి జిగురుతో అతికిస్తారు. మూడో పద్ధతిలో నెక్ చెక్కే బాడీ చివరిదాకా సాగుతుంది, దానికి ఇరువైపులా రెక్కల్లాగా చెక్కలు అతికిస్తారు. ఒకే పనస మొద్దునుంచి తొలిచే బొబ్బిలి వీణతో దీనికి పూర్తి పోలిక లేకపోయినా, తీగలు ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకే కట్టెమీద సాగడం మాత్రం రెండింటిలోనూ కనిపిస్తుంది.

మరలతో బిగించిన గిటార్ నాదం చురుకుగా మొదలవుతుందనీ, జిగురుతో అతికించినదాంట్లో నాదం ఎక్కువసేపు నిలుస్తుందనీ అందరూ అంటారు. అయితే ఆ రెండు రకాల గిటార్లలో కట్టె, తీగ పొడవు, పికప్‌లు కూడా వేరుగా ఉంటాయి కనుక తేడానంతా అతుకుకే అంటగట్టడం సరికాదు. పికప్ గ్రహించేది తీగ కదలికను. ఆ కదలికలో కొంత శక్తిని కట్టె తాగేస్తుంది. ఎంత తాగుతుందనేది నెక్ బిరుసుతనం మీదా, అతుకు ఎంత బిగువుగా కుదిరిందనే దానిమీదా ఎక్కువగా ఆధారపడుతుంది. నెక్ సహజంగా కంపించే వేగానికి ఏదైనా స్వరం దగ్గరగా వస్తే, ఆ ఒక్క ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా అమర్చిన లోహపు మెట్టు) దగ్గర నాదం చటుక్కున ఆరిపోతుంది. దుకాణంలో ఆంప్లిఫయర్ ఆపి, ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా మీటి, స్వరం ఆరిపోయేదాకా వినండి. 

చేతికి తెలిసే తేడాల్లో తీగ పొడవు మొదటిది. ఫెండర్ తరహా గిటార్లలో అది 25.5 అంగుళాలు, గిబ్సన్ తరహాలో సుమారు 24.75. అవే తీగలను అదే స్వరానికి శ్రుతి చేస్తే పొట్టి నెక్ మీద బిగువు దాదాపు ఆరు శాతం తగ్గుతుంది కనుక తీగను వంచడం తేలికవుతుంది, ఫ్రెట్ల మధ్య దూరమూ చిన్న వేళ్ళకు అందుతుంది. ఫ్రెట్లు అమర్చిన పలక, అంటే ఫ్రెట్‌బోర్డు అడ్డంగా ఎంత గుండ్రంగా ఉందనేది రెండోది: పాత ఫెండర్ల 7.25 అంగుళాల వ్యాసార్ధం కార్డులు (కలిపి మోగించే స్వరాలు) పట్టడానికి హాయిగా ఉంటుంది, కానీ తీగల ఎత్తు తగ్గించినప్పుడు బాడీకి దగ్గరి పై ఫ్రెట్లలో తీగను బాగా వంచితే నాదం నొక్కుకుపోతుంది. 12 అంగుళాలు, అంతకు మించిన చదునైన బోర్డు మీద ఆ ఇబ్బంది తక్కువ. పై ఫ్రెట్లను చేరుకోవడంలో మాత్రం మూడో పద్ధతికే అగ్రస్థానం, ఎందుకంటే నెక్ బాడీతో కలిసేచోట అరచేతికి అడ్డుపడే గుబ్బ అక్కడ దాదాపు ఉండదు.

ఇంత చెప్పినా, మన జిల్లాలవారికి నేను సూచించేది మరలతో బిగించిన నెక్‌నే. నెక్ పాడైతే నాలుగు మరలు విప్పి మరొకటి వేసుకోవచ్చు, మంచి మరమ్మతు కోసం హైదరాబాద్ వెళ్ళే అవసరం తగ్గుతుంది. పైగా వెనక్కి వంగిన హెడ్‌స్టాక్ (తీగలు చుట్టే బిరడాలుండే తల భాగం) ఉన్న మహాగని చెక్క నెక్ బస్సు ప్రయాణంలో పడితే, ఆ వంపు దగ్గరే విరగడం సాధారణం.

ఒక్కో గిటార్ మీద ఆరు తీగలూ కలిసి లాగే బలం తీగల లావునుబట్టి సుమారు 40 నుంచి 45 కిలోలు, అంటే ఒక సిమెంటు బస్తా బరువుకు కొంచెం తక్కువ. దాన్ని తట్టుకోవడానికే నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. కొనేముందు వడ్రంగి ఒక కన్ను మూసి చెక్క వాటం చూసినట్లు, హెడ్‌స్టాక్ వైపునుంచి నెక్ అంచు వెంట చూడండి. మెలి తిరిగి ఉంటే ఎంత చవకైనా వదిలేయండి, మెలికను ట్రస్ రాడ్ సరిచేయలేదు.

వంపును ఇంట్లోనే కొలవవచ్చు. గిటార్‌ను శ్రుతి చేసి, లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందు చూడండి. మామూలు జిరాక్స్ కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు; రెండు మూడు పొరలు తీగను కదల్చకుండా దూరితే చాలు. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్ కొసనున్న నట్టును కుడివైపు, తక్కువైతే ఎడమవైపు, ఒకసారికి పావు చుట్టు మాత్రమే తిప్పి, మళ్ళీ శ్రుతి చేసి కొలవండి. నట్టు మొరాయిస్తే బలం పెట్టకండి. నా మొదటి గిటార్‌ను బాగుచేయడానికి తీసుకున్న మనిషి తొందరపడి బిగించినప్పుడు నట్టు మరలు అరిగిపోయాయి, ఆ నెక్ ఇక దేనికీ పనికిరాలేదు.

వానాకాలంలో తలుపు ఉబ్బి పట్టేసినట్లే నెక్ కూడా తేమకు ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల గదిలో ఉంచిన గిటార్ నెక్ అంచు వెంట వేలు పోనిస్తే, కట్టె ముడుచుకుపోగా లోహపు ఫ్రెట్ కొసలు చర్మానికి గీసుకుంటాయి. ఆ కొసలను ఆకురాయితో సమం చేయించే పని ఆ ఎండల్లోనే పెట్టుకోండి. కట్టె ఉబ్బి ఉన్న వానాకాలంలో చేయిస్తే, వచ్చే వేసవికి అవి మళ్ళీ బయటికి వస్తాయి.