వేట లాటరీలో పిల్లల వంతు – మూడో పాఠం: పాయింట్ల లెక్క

లైసెన్స్ వేరు, ట్యాగ్ వేరు అని గత పాఠంలో చూశాం. లైసెన్స్ అంటే వేటకు అర్హత. ట్యాగ్ అంటే ఫలానా ప్రాంతంలో, ఫలానా సీజన్‌లో, ఒక్క జంతువుకు ఇచ్చే అనుమతి. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఎల్క్, మ్యూల్ డీర్ (రెండూ జింక జాతులే) ట్యాగ్‌లు చాలాచోట్ల అడిగినవారందరికీ సరిపోవు. అందుకే డ్రా తీస్తారు. ఆ డ్రాలో మీ అమ్మాయికో అబ్బాయికో ట్యాగ్ దక్కే అవకాశం ఎంతో చేత్తో లెక్క కట్టడం ఈ రోజు నేర్చుకుందాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

డ్రా పద్ధతులకు రెండు మూలాలున్నాయి. తిరుమల వెళ్లినవారికి రెండూ తెలిసినవే. సర్వదర్శనం క్యూలో ముందు నిలబడ్డవారు ముందు వెళ్తారు. ఆర్జిత సేవల లక్కీ డిప్‌లో ఎవరి పేరు వస్తే వారిదే టికెట్. ప్రిఫరెన్స్ పాయింట్ల పద్ధతి మొదటి రకం: ట్యాగ్ రాని ప్రతి ఏడాదికీ ఒక పాయింటు చేరుతుంది, ఎక్కువ పాయింట్లున్నవారికే ముందు ఇస్తారు. కొలరాడోలో డీర్, ఎల్క్ ట్యాగ్‌లకు ప్రధానంగా ఇదే నడుస్తూ వచ్చింది. ఐడహో, న్యూ మెక్సికో రెండో రకం. అక్కడ పాయింట్లే లేవు, ఏ ఏడాది డ్రా ఆ ఏడాదిదే. బోనస్ పాయింట్ల పద్ధతి ఈ రెండింటికీ మధ్యది. పేరు చీటీ తీసే వస్తుంది గానీ, పాయింట్లున్నవారి పేరు మీద ఎక్కువ చీటీలు పడతాయి.

ఇప్పుడు లెక్క. ఒక ప్రాంతంలో ఏటా 10 ట్యాగ్‌లు, 100 దరఖాస్తులు అనుకుందాం. వారిలో 40 మందికి తలా 5 పాయింట్లు. మిగిలిన 60 మందికి సున్నా. ఆ 60 మందిలో మీ పన్నెండేళ్ల అమ్మాయి ఒకరు.

క్యూ పద్ధతిలో ముందున్న 40 మందికి ఇవ్వడానికే నాలుగేళ్లు పడుతుంది. అంటే 12, 13, 14, 15 ఏళ్ల వయసుల్లో పాపకు అవకాశం సున్నా. అయిదో ఏడు, పదహారేళ్లప్పుడు, తనతో సమానంగా నిలిచిన 60 మందిలో పది మందికి వస్తాయి. మరుసటి ఏడు ఇంకో పది. పద్దెనిమిది నిండేలోపు ట్యాగ్ చేతికొచ్చే అవకాశం మూడింట ఒక వంతు. దురదృష్టం వెంటాడితే ఇరవై ఒకటో ఏట గానీ రాదు. చిన్నతనంలో తండ్రి పక్కన అడవిలో నడవాలని దరఖాస్తు పెట్టిన పిల్లకు ఇరవై ఒకటో ఏట దొరికేది వేరే అనుభవం. ఆలస్యంగా పుట్టడం తప్ప ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు. అందుకే ఒట్టి క్యూ పద్ధతి పిల్లలకు న్యాయం చేయదని నా గట్టి అభిప్రాయం.

బోనస్ పాయింట్లు వాడే నెవాడా పద్ధతిలో పాయింట్ల వర్గానికి, అంటే పాయింట్లను అదే సంఖ్యతో గుణిస్తే వచ్చేదానికి, ఒకటి కలిపి అన్ని చీటీలు వేస్తారు. 5 పాయింట్లుంటే 25కు 1 కలిపి 26 చీటీలు. 40 మందికి 1,040, అరవై మందికి 60, మొత్తం 1,100. మొదటి చీటీ పాప పేరున వచ్చే అవకాశం 1,100లో ఒకటి. పదీ తీసేసరికి దాదాపు ఒక శాతం. అదే లక్కీ డిప్ అయితే సరిగ్గా పది శాతం. ఈ తేడాను కాగితం మీద మీ చేత్తో వేసి చూడండి, చదివినంత మాత్రాన మనసుకు ఎక్కదు.

ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి రాష్ట్రాలు పిల్లలకు వేరే దారులు తెరిచాయి. యూటా జనరల్ సీజన్ డీర్ ట్యాగ్‌లలో 20 శాతం పదిహేడేళ్లు, అంతకు లోపు వారికి కేటాయిస్తుంది. మన ఉదాహరణలో అది 2 ట్యాగ్‌లు. దరఖాస్తుదారుల్లో పిల్లలు ఎనిమిది మందే అయితే అవకాశం ఒక్కసారిగా 25 శాతానికి ఎగబాకుతుంది. అరిజోనాలో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేస్తే ఒక శాశ్వత బోనస్ పాయింటు వస్తుంది, ట్యాగ్ వచ్చినా అది చెరిగిపోదు. తొమ్మిదేళ్ల నుంచే ఆ కోర్సు చేయవచ్చు. తల్లిదండ్రులు తమకు వచ్చిన ట్యాగ్‌ను పిల్లలకు బదిలీ చేసే వీలు కూడా అక్కడుంది. ఆరెగాన్‌లో 9 నుంచి 15 ఏళ్ల పిల్లలు పెద్దవారి పర్యవేక్షణలో, వారి ట్యాగ్ మీదే వేటాడవచ్చు.

తండ్రీకూతుళ్లు కలిసి ఒకే దరఖాస్తు పెట్టే ముందు ఒక్క క్షణం ఆగండి. తండ్రికి 8 పాయింట్లు, కూతురికి సున్నా అనుకుందాం. నెవాడాలో సగటు తీస్తారు: 4 పాయింట్లు, అంటే 17 చీటీలు. కూతురు ఒంటరిగా పెడితే ఒక్క చీటీయే కనుక ఆమెకిది మేలు, తండ్రికి మాత్రం 65 చీటీలు 17కు పడిపోతాయి. కొలరాడోలో జట్టులో అందరికంటే తక్కువ పాయింట్లున్నవారిదే లెక్క. అక్కడ కలిసి పెడితే తండ్రి 8 పాయింట్లూ పనికిరావు.

అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు ఇంకో చిక్కుంది. భారతదేశంలో వేటను కట్టడి చేసిన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత పెరిగిన మనకు వేట సంగతులు ఇంట్లో చెప్పేవారు లేరు. డెన్వర్‌లోనో ఫీనిక్స్‌లోనో పిల్లవాడు స్నేహితుణ్ణి చూసి అడిగేదాకా మనకు ఈ పాయింట్ల ఊసే తెలియదు. పిల్లవాడికే కాదు, చాలాసార్లు తండ్రికీ సున్నా పాయింట్లే. అలాంటివారు ముందుగా పిల్లల కోటా ఉన్న డ్రాలనూ, పాయింట్లు లేని రాష్ట్రాలనూ చూడండి. అయితే సొంత రాష్ట్రం కాకపోతే ఫీజు బాగా ఎక్కువ, కోటా తక్కువ. కాబట్టి ఉన్న రాష్ట్రంతోనే మొదలుపెట్టండి.

అభ్యాసం: ఏటా 8 ట్యాగ్‌లు. 16 మందికి 3 పాయింట్లు, 24 మందికి సున్నా. ఆ 24 మందిలో మీ అబ్బాయి ఉన్నాడు, వయసు 13. క్యూ పద్ధతిలో ఏ వయసులో మొదటి అవకాశం? పదిహేడు దాటేలోపు తప్పకుండా వస్తుందా? నెవాడా పద్ధతిలో మొదటి చీటీ అతని పేరున వచ్చే అవకాశమెంత? నాలుగో పాఠం ఈ జవాబులతోనే మొదలవుతుంది. ఆ తర్వాత రాష్ట్రాలు ప్రకటించే పాత డ్రా ఫలితాల పట్టికలు చదవడం నేర్చుకుందాం.