ఫణిగిరి ముందు, నాగార్జునకొండ తరువాత: ఇటుక దిబ్బల్లో బౌద్ధాన్ని చూడటం ఎలా

ఫణిగిరి కొండెక్కి పావుగంటలో దిగిపోయేవాళ్ళే ఎక్కువ. "ఏముంది, ఇటుకలే కదా" అంటారు. ఏది ఏమిటో తెలియకుండా ఎక్కితే నిజంగానే ఇటుకలే కనిపిస్తాయి. కాస్త తెలుసుకుని, సరైన వరుసలో చూస్తే పాత నల్లగొండ జిల్లాలోనూ, దాన్ని ఆనుకునే ఆంధ్రప్రదేశ్ వైపున్న నాగార్జునకొండలోనూ పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి ఆరామ జీవితం, అంటే బౌద్ధ భిక్షువుల మఠాల జీవితం, కళ్ళకు కడుతుంది. దానికి రెండు రోజులు చాలు. మొదటి రోజు ఫణిగిరి, రెండో రోజు నాగార్జునకొండ, ఆఖరున సాగర్ దగ్గర ఈ కాలంలో కట్టిన బౌద్ధ ఉద్యానం బుద్ధవనం.

ఈ వరుసకు కారణం ఉంది. ఫణిగిరిలో కట్టడాలు కట్టిన చోటే ఉన్నాయి, కానీ మంచి శిల్పాలు కొండ మీద లేవు. నాగార్జునకొండ మ్యూజియంలో శిల్పాలున్నాయి, కానీ అక్కడి కట్టడాలు లోయలోంచి పైకి తెచ్చి మళ్ళీ పేర్చినవి. ముందు చోటు చూసి తర్వాత శిల్పం చూస్తే అది ఎక్కడ నిలబడి ఉండేదో మనసులో అమరుతుంది. తిరగేసి చూస్తే మ్యూజియంలోని పలకలన్నీ విడివిడి బొమ్మలుగానే మిగిలిపోతాయి.

ఫణిగిరి ఇప్పుడు సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఉంది. సూర్యాపేట నుంచి అర్వపల్లి మీదుగా జనగామ రోడ్డు పట్టుకుంటే సుమారు 40 కిలోమీటర్లు. బస్సులో వెళ్తే మెయిన్ రోడ్డు మీద దిగి ఊళ్ళోకి ఆటో మాట్లాడుకోవాలి. తిరుగు ప్రయాణానికి కూడా ఆ ఆటో అతన్నే రమ్మని టైము చెప్పి, నంబరు తీసుకోండి. మధ్యాహ్నం పూట ఊళ్ళో ఆటో దొరక్క ఎండలో నిలబడాల్సి రావచ్చు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. ఏ కాలమైనా పొద్దున ఏడింటికల్లా కొండ మొదట్లో ఉండాలి. పైన నీడ తక్కువ. పది దాటితే రాతిబండ కాగుతుంది, అప్పుడు చూపు కట్టడం మీద నిలవదు, కాళ్ళ మీదే ఉంటుంది. పొద్దుటి ఏటవాలు వెలుగులో ఇటుక వరుసల అంచులు స్పష్టంగా తేలతాయి, నడినెత్తిన ఎండలో అంతా ఒకటే ఎరుపు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి. వానాకాలంలో బండల మీద పాచి పడుతుంది కాబట్టి పట్టున్న బూట్లు కావాలి. గడ్డిలో పల్లేరు కాయలుంటాయి, పలచటి చెప్పులు ఆగవు.

పైకెక్కాక నాలుగు ఆకారాలు గుర్తుపట్టండి. గుండ్రంగా ఉన్నది స్తూపం. ఒక చివర చదరంగా, ఇంకో చివర ఏనుగు వెనకభాగంలా గుండ్రంగా తిరిగింది చైత్యగృహం, అంటే పూజ చేసుకునే చోటు. వరుసగా చిన్న చిన్న గదులు, ఒక్కోదానికి ఒక్కో గుమ్మం ఉంటే అది విహారం, భిక్షువులు వానాకాలం గడిపిన ఇల్లు. రాతి స్తంభాలు బారులు తీరిన చోటు సభామండపం. ఈ నాలుగూ తెలిస్తే కొండ సగం అర్థమైనట్టే. స్తూపం లోపలికి దారి వెతకకండి, అది నిండు కట్టడం, చుట్టూ తిరగాల్సిందే. లోపలికి నడిచి వెళ్ళి బుద్ధుడి ముందు నిలబడే ఇటుక గుళ్ళు బర్మాలోని బగాన్‌లో చాలా ఉన్నాయి, కానీ అవి 11 నుంచి 13వ శతాబ్దం దాకా కట్టినవి. మన కొండ మీద కట్టడాలు అంతకు ఎన్నో వందల ఏళ్ళు ముందువి.

స్తూపాన్ని కుడివైపు ఉంచుకుని, అంటే గుడిలో ప్రదక్షిణ చేసినట్టే, ఒక చుట్టు తిరగండి. తిరిగేటప్పుడు ఇటుకలు చూడండి. ఇప్పటి ఇటుకకు దాదాపు రెట్టింపు పొడవుంటాయి. తర్వాత రాయి చూడండి. కొండంతా నల్లగొండ రాయే, గట్టి గ్రానైటు. చెక్కిన స్తంభాలూ పలకలూ మాత్రం లేత రంగు సున్నపురాయి. అంత సన్నటి పనికి గ్రానైటు లొంగదు కాబట్టి ఆ రాయిని పనిగట్టుకుని తెప్పించారు. బిక్కేరు వాగు ఒడ్డున, వర్తకుల దారి మీద ఉన్న ఆరామానికి అది సాధ్యమైంది. 2024లో ఇక్కడే ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి, ఒక వైపు ఏనుగు, ఇంకో వైపు ఉజ్జయిని గుర్తు, అంటే అడ్డగీతల కొసన నాలుగు వృత్తాలు. అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకు వంశపు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరపు శాసనం కూడా ఈ కొండదే. ఇక్కడి తోరణ (స్తూపం ముంగిటి రాతి ద్వారం) శిల్పం 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్ళి ప్రదర్శనలో నిలిచింది. మన ఊరి కొండకు ఇంత పేరుంటే మన పిల్లలకు తెలియకపోవడం బాధగా ఉంటుంది. వాళ్ళనూ తీసుకెళ్ళండి.

ఇటుక గోడల మీద ఎక్కి ఫోటో దిగొద్దు. అంచు ఇటుక ఒకటి కదిలితే వాన నీళ్ళు లోపలికి దిగుతాయి, రెండు మూడు వానాకాలాల్లో వరుస మొత్తం జారుతుంది. విరిగిన రాతి ముక్కకు భక్తితోనైనా పసుపు, కుంకుమ, నూనె పూయొద్దు. సున్నపురాయి నూనె పీల్చుకుంటుంది, ఆ మరక పోదు. పెంకు ముక్క కూడా జేబులో వేసుకోకండి. అది ఏ పొరలో పడి ఉందన్నదే దాని విలువ.

కొండ దిగాక ఊళ్ళో ఒక గంట ఉండండి. రచ్చబండ దగ్గర పెద్దమనుషులుంటే "తాతా, మీ ఊళ్ళో పాటిగడ్డ ఎక్కడుంది?" అని అడగండి. బౌద్ధక్షేత్రం అంటే తల ఊపి ఊరుకునేవాళ్ళు కూడా పాటిగడ్డ అంటే చేయి చాపి చూపిస్తారు. పాత ఊరు ఉన్న మన్నుదిబ్బకు ఇక్కడి మాట అదే. వర్ధమానుకోట, గాజులబండ కూడా ఈ చుట్టుపక్కల బౌద్ధ స్థలాలే. ఓపికుంటే అడుగుతూ వెళ్ళొచ్చు. దసరా ముందు రోజుల్లో వెళ్తే సాయంత్రం బతుకమ్మ ఆట చూడొచ్చు. ఆడేవాళ్ళను అడగకుండా ఫోను ముఖం మీద పెట్టకండి.

రాత్రికి సూర్యాపేటలో ఉండి, పొద్దున్నే మిర్యాలగూడ, హాలియా మీదుగా నాగార్జునసాగర్ చేరండి. నాగార్జునకొండ ఇప్పుడు జలాశయం నడుమ దీవి, లాంచీలోనే వెళ్ళాలి. శుక్రవారం నాగార్జునకొండ మ్యూజియానికి సెలవు. ఇది తెలియక వెనుదిరిగేవాళ్ళు ఎంతోమంది. లాంచీ కూడా మన చేతిలో లేదు. గాలి ఎక్కువైనా, నీళ్ళు బాగా తగ్గినా, సరిపడా జనం రాకపోయినా నడపరు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. ఎండాకాలం మట్టం బాగా పడిపోతుంది కాబట్టి ముందురోజే పర్యాటక శాఖ కౌంటరుకు ఫోన్ చేసి కనుక్కోండి. మొదటి లాంచీయే ఎక్కండి. వెళ్ళడానికే దాదాపు గంట పడుతుంది. దిగగానే తిరుగు లాంచీ ఎన్నింటికో అడిగి, మ్యూజియానికి కనీసం గంటన్నర మిగిలేలా చూసుకోండి.

సాగర్ ఆనకట్టతో లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, మునిగిపోబోయేవాటిలో 9 కట్టడాలను విప్పి తెచ్చి మళ్ళీ కట్టారు. అక్కడి పెద్ద స్తూపమైన మహాచైత్యం పునాది చూడండి, బండి చక్రంలా ఆకులుంటాయి. ఆకుల మధ్య మన్ను నింపి, పైన అండం, అంటే గుండ్రటి గుమ్మటం, కట్టేవారు. ఇటుక ఆదా అవుతుంది, బరువు సమంగా పంచుకుంటుంది. కొన్ని చిన్న స్తూపాల నడుమ స్వస్తిక గుర్తు కనిపిస్తుంది. మ్యూజియంలో ఆయక స్తంభాల దగ్గర ఆగండి. వీటిని స్తూపానికి దిక్కుకు ఐదు చొప్పున నిలబెట్టేవారు, బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు గుర్తుగా. వాటి మీది బ్రాహ్మీ అక్షరాల నిలువు గీతలు కిందికీ పైకీ సాగి పూలతీగల్లా ఉంటాయి. మహాచైత్యం కట్టించింది చాంతిసిరి అనే రాజకుటుంబపు స్త్రీ. బోధిసిరి అనే ఉపాసిక (సంసారంలో ఉంటూ బౌద్ధాన్ని పాటించే స్త్రీ) వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తామ్రపర్ణి (శ్రీలంక) పేర్లున్నాయి. ఈ లోయకు ఎంత దూరాలతో సంబంధాలుండేవో ఆ ఒక్క శాసనం చెబుతుంది.

మధ్యాహ్నం భోజనం చేసి, ఎండ తగ్గాక నందికొండ దగ్గర 274 ఎకరాల బుద్ధవనంలోకి వెళ్ళండి. 21 మీటర్ల ఎత్తు, 42 మీటర్ల వ్యాసంతో అమరావతి నమూనాలో కట్టిన మహాస్తూపం ముందు నిలబడి, ఫణిగిరిలో చూసిన గుండ్రటి ఇటుక వరుసను గుర్తుకు తెచ్చుకుని, అక్కడ లేని అండాన్ని, పలకలను దాని మీద ఊహించుకోండి. జాతకవనంలో 40 జాతక కథల (బుద్ధుడి పూర్వజన్మల కథలు) బొమ్మలున్నాయి. పిల్లలుంటే ఇక్కడ ఎక్కువసేపు పడుతుంది, గేటు మూసే వేళ లోపలికి వెళ్ళేటప్పుడే అడిగి పెట్టుకోండి.