బీఎడ్ పూర్తిచేసినవారు ఏమయ్యారో లెక్క తీయడం ఎలా?

కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తున్నదనగానే నాలుగు రోజుల్లో వండి వార్చే ఉపాధి లెక్కలను చూసి చూసి విసిగిపోయి, మా బీఎడ్ కళాశాలలో నేను ఏటా అనుసరించే పద్ధతిని రాస్తున్నాను.

ప్రవేశాల రిజిస్టరు, పొడవాటి నోటుపుస్తకం, ఫోను ఉంటే చాలు. బ్యాచ్‌లోని ప్రతి పేరునూ రాసి, పక్కన మెథడాలజీ (బోధనలో శిక్షణ పొందిన) సబ్జెక్టులు, ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ ఫలితం, ఇంటివారి నంబరు చేర్చాలి. పెళ్ళయి ఊరు మారిన అమ్మాయిల నంబర్లే ముందుగా పనిచేయకుండా పోతాయి కనుక ఇంటివారి నంబరు తప్పనిసరి.

ప్రతి బ్యాచ్‌నూ చదువు ముగిసిన ఏడాదికి, మూడేళ్ళకు, ఐదేళ్ళకు, మూడుసార్లు పలకరించాలి, ఎందుకంటే ప్రభుత్వ ఉపాధ్యాయ నియామకాల పరీక్ష డీఎస్సీ ఏటా జరగదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత పెద్దయెత్తున నియామకాలు జరిగింది 16,347 పోస్టుల 2025 మెగా డీఎస్సీతోనే. తెలంగాణలో 2017 టీఆర్‌టీ (అదీ ఉపాధ్యాయ నియామక పరీక్షే) తర్వాత 11,062 పోస్టులకు 2024లో డీఎస్సీ జరిగింది. 2019లో బయటికి వచ్చిన బ్యాచ్‌ను 2020లో అడిగితే ప్రభుత్వోద్యోగాలు కనబడవు సరికదా, కోవిడ్‌తో బడులు మూతపడి ప్రైవేటు కొలువులు కూడా పోయి ఉంటాయి. ఆ ఒక్క ఏటి లెక్కతో కళాశాలను తూచడం అన్యాయం.

ఫోను ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు మధ్యే చేయాలి, అదీ పాఠం చెప్పిన అధ్యాపకుడే చేయాలి. గుమాస్తా చేస్తే ఫీజు బకాయి కోసమనుకుని ఎత్తరు. గూగుల్ ఫారం పంపి ఊరుకునేవారిని నేను సమర్థించను, ఎందుకంటే ఉద్యోగం వచ్చినవాడు ఆ ఫారాన్ని ఉత్సాహంగా నింపుతాడు, రానివాడు చూసీ చూడనట్టు వదిలేస్తాడు. ఒక కళాశాలలో, పేరెందుకు గానీ, వంద మందిలో పాతికమంది నింపిన ఫారాలను పట్టుకుని, వారిలో 24 మందికి పని ఉందని 96 శాతం ఉపాధి అని బోర్డు మీద రాసుకున్నారు.

ఇక అందరూ బోల్తాపడే చోటు ఒకటుంది. ఇక్కడ తొందర పనికిరాదు. "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగి, వచ్చిన జవాబును అలాగే రాసుకోకూడదు. "ఖాళీగానే ఉన్నాను సార్, డీఎస్సీకి చదువుతున్నాను" అనే అమ్మాయి రోజూ సాయంత్రం మూడు గంటలు ట్యూషన్ చెబుతూ ఉండవచ్చు. "టీచరుగా చేస్తున్నాను సార్" అనే గణితం మెథడాలజీ అబ్బాయి మూడో తరగతికి అన్ని సబ్జెక్టులూ చెబుతూ, వేసవి రెండు నెలలూ జీతం లేకుండా గడుపుతూ ఉండవచ్చు. మొదటి ఆమెను నిరుద్యోగిగా, రెండో అతణ్ణి స్థిరపడినవాడిగా రాస్తే రెండూ తప్పే.

అందుకని గత నెలలో ఎన్ని రోజులు, ఎక్కడ, ఏ తరగతికి, ఏ సబ్జెక్టు చెప్పారో, ఏడాదిలో ఎన్ని నెలలు జీతం అందుతుందో, ఆ కొలువుకు బీఎడ్ అడిగారో లేదో విడివిడిగా అడగాలి. చదువుతున్నామన్నవారిని ఏ పోస్టుకని కూడా అడగాలి, ఎందుకంటే ప్రాథమిక తరగతులకు బీఎడ్ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చాక ఆ తరగతులకు చెప్పే ఎస్‌జీటీ పోస్టుల దారి మూసుకుపోయింది, వీరికి మిగిలింది ప్రధానంగా పై తరగతులకు సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంటు దారే.

తర్వాత ఒక్కొక్కరినీ ఒకే గడిలో వేయాలి: ప్రభుత్వ బడిలో రెగ్యులర్, కాంట్రాక్టు, తన సబ్జెక్టుతోనే ప్రైవేటు బడి, వేరే సబ్జెక్టుతో ప్రైవేటు బడి, ట్యూషన్ లేదా కోచింగ్, బోధన కాని ఉద్యోగం, పైచదువు, పని లేకుండా పోటీ పరీక్షలకు చదువు, పని కోరనివారు, దొరకనివారు. గ్రామ సచివాలయంలో చేరినవారిని బోధనలో కలపవద్దు. వారికి ఉపాధి ఉంది గానీ వారు ఉపాధ్యాయులు కారు. ట్యూషన్ చెబుతూ డీఎస్సీకి చదివేవారిని ట్యూషన్ గడిలోనే వేసి, పక్కన ఎర్ర సిరాతో చుక్క పెట్టాలి. నీలం సిరా అయితే తర్వాత కంటికి ఆనదు.

దొరకనివారిని లెక్కలోంచి తీసేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. వందమందిలో అరవైమంది దొరికి, వారిలో 45 మందికి ఏదో ఒక పని ఉందనుకుందాం. ఉపాధి 75 శాతం అని రాస్తే, దొరకని నలభైమందీ దొరికినవారిలాంటివారేనని మనమే తీర్పు చెప్పినట్టు. వారిలో ఎవరికీ పని లేకపోతే 45 శాతం, అందరికీ ఉంటే 85 శాతం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కనే రాయాలి. అంతరం మరీ ఎక్కువగా ఉందనిపిస్తే మరో రెండు ఆదివారాలు ఫోను పట్టుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

పట్టికను కంప్యూటర్లో ఎక్కించడం గంట పని. పేర్లు, నంబర్లు తీసేసి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి, నోటుపుస్తకం మాత్రం మీ బీరువాలోనే ఉంచుకోండి. మూడో ఏట మళ్ళీ అదే పుస్తకంతో మొదలుపెట్టాలి.