కార్క్ పలకను ముందు అంచు నుంచి చూడండి

ఇంట్లో కార్క్ నేల వేయించుకోవాలనుకునేవారు మొదట రంగు గురించి అడుగుతారు. నేనైతే పలకను నిలువుగా పట్టుకుని దాని అంచు చూడమంటాను. నేలలు పరచడమే వృత్తిగా బతుకుతున్నవాణ్ణి. పైపొర ఎంత అందంగా ఉన్నా, ఆ నేల ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పేది లోపలి పొరలేనని నా గట్టి నమ్మకం.

అంచులో పైనుంచి కిందిదాకా కార్క్ రేణువులే కనిపిస్తే అది జిగురుతో గచ్చుకు అంటించే పలక. సాధారణంగా 4 నుంచి 6 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పైన కార్క్, మధ్యలో గట్టిగా నొక్కిన చెక్కపొట్టు, అడుగున మళ్లీ పలుచగా కార్క్ ఉంటే అది ఒకదానిలో ఒకటి బిగించే పలక. ఇది 10 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దీనికి జిగురు అక్కర్లేదు కాబట్టి పని త్వరగా అయిపోతుంది, రేపు తీసేయాలన్నా సులువే. కానీ ఆ చెక్కపొట్టు పొర నీరు తాగితే ఉబ్బుతుంది. ఆరిన తర్వాత కూడా మునుపటి మందానికి రాదు.

కార్క్ తత్వం దీనికి పూర్తిగా వేరు. అది కార్క్ ఓక్ చెట్టు బెరడు. అందులోని కణాలు గాలితో నిండి, అన్నివైపులా మూసుకుని ఉంటాయి. వాటి గోడల్లో సుబెరిన్ అనే మైనం లాంటి పదార్థం ఉంటుంది. సీసాలకు బిరడాగా పనికొచ్చింది ఆ గుణం వల్లే. కాబట్టి నేలలో నీటికి దారి దొరికేది పలకల మధ్య అతుకుల్లోనే. స్నానాల గదికి, వంటగదికి అంటించే పలకలే తీసుకోండి. పరిచిన తర్వాత అతుకులన్నీ మూసుకునేలా నేలంతటా పూత వేయించండి. 1930లలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో కట్టిన ఫాలింగ్‌వాటర్ అనే ఇంట్లో, దాని వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ స్నానాల గదులకే కార్క్ పలకలు వేయించాడు. తడి తగిలే చోట కార్క్ పనికిరాదని ఎవరైనా అంటే నాకు గుర్తొచ్చేది ఆ ఇల్లే.

నమూనా పలక ఇంటికి తెచ్చుకోకుండా డబ్బు కట్టకండి. దాని మీద బరువైన కుర్చీ కాలు రాత్రంతా ఉంచి, ఉదయం తీసి చూడండి. మంచి కార్క్ కొన్ని గంటల్లో చాలావరకు పైకి లేస్తుంది. గుంట అలాగే ఉండిపోతే రేణువులు వదులుగా నొక్కారని అర్థం. ఎంత మంచి పలకైనా ఏళ్ల తరబడి కదలని బీరువా కింద నొక్కుకుపోతుంది. అందుకే అలాంటి కాళ్ల కింద వెడల్పు బిళ్లలు పెట్టాలి. మరో నమూనాను సగం అట్టముక్కతో కప్పి, ఎండ పడే కిటికీ దగ్గర కొన్ని వారాలు వదిలేయండి. వెలుగుకు కార్క్ రంగు మారుతుంది. ఆ మార్పు మీకు నచ్చకపోతే ఆ గదికి తెర వేసుకోవాలి, లేదా వేరే నేల చూసుకోవాలి. పైన అలంకారంగా అతికించిన పొర మందం కూడా అడిగి తెలుసుకోండి. అది మరీ పలుచనైతే, తర్వాతెప్పుడో రుద్ది కొత్త పూత వేయబోతే అడుగు రేణువులు బయటపడతాయి.

పూత విషయంలో నా మాట సూటిగా చెబుతాను. వంటగదికి పాలియురేథేన్, పడకగదికి నూనె కలిసిన మైనం. మొదటిది గట్టి పొరగా నిలిచి మరకలను ఆపుతుంది, కానీ గీత పడితే ఆ ఒక్క చోటే సరిచేయడం కష్టం. రెండోదాన్ని తరచూ పూయాలి, అయితే అరిగిన చోటు వరకే సరిచేసుకోవచ్చు. రెండింటిలో ఏదైనా సరే, పూర్తిగా అరిగిపోకముందే మళ్లీ వేయించాలి. రేణువులను కలిపే జిగురులో, చెక్కపొట్టు పొరలో ఫార్మాల్డిహైడ్ అనే, గాలిలో కలిసి ఆరోగ్యానికి హాని చేసే రసాయనం ఉండవచ్చు, కాబట్టి దాని ఉద్గారాలు తక్కువని చెప్పే ధ్రువపత్రం అడగండి. పసిపిల్లలుండే గదికైతే ఈ విషయంలో రాజీ పడకండి.

సిమెంటు గచ్చు పైకి పొడిగా కనిపించినా లోపల తేమ ఉండవచ్చు. ప్లాస్టిక్ షీటు ముక్కను నాలుగు వైపులా టేపుతో గచ్చుకు అంటించి రెండు మూడు రోజులు ఉంచండి. దాని అడుగున నీటి చుక్కలు కనిపించినా, గచ్చు నల్లబడినా పని ఆపాల్సిందే. గచ్చు చదునుగా కూడా ఉండాలి. పలుచని కార్క్ కింద ఉన్న ప్రతి బుడిపెనూ పైకి చూపిస్తుంది.

ఎక్కువసేపు నిలబడి వంట చేసేవారికి, పాకే పిల్లలకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు ఈ నేల నిజంగా సుఖం. పాదానికి చల్లగా తగలదు, కొంచెం ఒదుగుతుంది, అడుగుల చప్పుడు తగ్గిస్తుంది. వీధి గుమ్మం దగ్గర మాత్రం వద్దంటాను. చెప్పులతో వచ్చే ఇసుక రేణువులు పూతను గీరేస్తాయి. అడుగున రబ్బరు ఉన్న కాలిపట్టాలు పరిస్తే మరక పడుతుంది. ఆవిరితో తుడిచే యంత్రం అసలు వాడకూడదు. బాగా పిండిన గుడ్డ చాలు.

కొనేటప్పుడు గది కొలత కన్నా పదో వంతు ఎక్కువ తీసుకోండి. ఒకే పేరుతో ఉన్నా వేర్వేరు విడతల పలకల ఛాయల్లో తేడా ఉంటుంది. పెట్టెలన్నీ తెరిచి, పరచబోయే గదిలోనే రెండు మూడు రోజులు ఉంచండి. తర్వాత వేర్వేరు పెట్టెల పలకలను కలిపి పరిపించండి. బిగించే పలకలైతే గోడల వెంట సుమారు 10 మిల్లీమీటర్ల సందు వదలమని పనివారికి ముందే చెప్పండి. వాతావరణాన్ని బట్టి అవి సాగి ముడుచుకోవడానికి ఆ జాగా కావాలి. మిగిలిన పలకలను పారేయకుండా తడి తగలని చోట చదునుగా పేర్చి ఉంచుకోండి.